డిసెంబరులో పిల్లలతో మ్యూనిక్: చలి బట్టలు ఎక్కడ కొనాలి?

మారతహళ్ళి నుంచి:
అందరికీ నమస్కారం. మా ఆయన ఆగస్టు నుంచి జర్మనీలో, మ్యూనిక్‌లో ప్రాజెక్టు మీద ఉన్నారు. నేను ఇద్దరు పిల్లలతో డిసెంబరు 12న బయలుదేరి ఫిబ్రవరి మొదటి వారం దాకా అక్కడ ఉంటాను. పాపకి ఐదేళ్ళు, బాబుకి ఏడాదిన్నర. వీసాలు వచ్చాయి, ఇన్సూరెన్స్ తీసుకున్నాం. బెంగళూరు చలికే బాబుకి ముక్కు కారడం మొదలవుతుంది. అక్కడ మైనస్‌లో వాణ్ణి ఎలా చూసుకోవాలో తెలియక రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నేను అడిగేది ఒకటే. చలి బట్టలు ఇక్కడే కొనుక్కుని వెళ్ళాలా, అక్కడ కొనుక్కోవాలా?

సర్జాపుర రోడ్డు నుంచి:
చెల్లెమ్మా, మేము మ్యూనిక్‌లో నాలుగేళ్ళు ఉండి వచ్చాం. లోపల వేసే థర్మల్స్, ఉన్ని సాక్సులు ఇక్కడే తీసుకోండి. పైన వేసే మంచు ఓవరాల్ (ఒళ్ళంతా కప్పే ఒకే సూటు), వాటర్‌ప్రూఫ్ బూట్లు అక్కడ కొనండి. పిల్లలు తొందరగా పెరిగిపోతారు కాబట్టి అక్కడి వాళ్ళు కూడా సెకండ్ హ్యాండ్‌వే కొంటారు, శుభ్రంగా ఉంటాయి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. కిటికీలు. మేము వెళ్ళిన మొదటి చలికాలం మా బాబుకి ఎనిమిది నెలలు. చలిగాలి తగులుతుందని నవంబరు నుంచి కిటికీ అన్నదే తెరవలేదు. పొద్దున, సాయంత్రం కుక్కర్. స్నానం నీళ్ళ ఆవిరి. ఉతికిన బట్టలన్నీ బెడ్‌రూంలోనే స్టాండు మీద ఆరేసేదాన్ని. జనవరికి బీరువా వెనక గోడ మీద తేమకి నల్లటి బూజు మచ్చలు వచ్చాయి. డెట్టాల్ వేసి తుడిచి, బీరువా మళ్ళీ గోడకి జరిపేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు టార్చి పట్టుకుని వచ్చాడు. బీరువా జరిపించాడు. ప్రతి మచ్చా కాగితం మీద రాసుకున్నాడు. మేము కట్టిన అడ్వాన్సు 3 నెలల అద్దె, 3,300 యూరోలు. గది మొత్తం గీకించి రంగు వేయించాలని అందులో 1,900 పట్టుకుంటానన్నాడు. గోడ బయటి నుంచే చల్లబడుతోంది, తప్పు మాది కాదని మా ఆయన వాదించారు. చందా కట్టి అద్దెదారుల సంఘంలో చేరాం. అక్కడ ఒకావిడ మూడు ప్రశ్నలు అడిగింది. ఇంట్లో దిగిన రోజు గోడల ఫొటోలు తీశారా? ఇల్లు అప్పగించినప్పుడు రాసుకున్న కాగితం కాపీ ఉందా? మచ్చ కనబడగానే ఓనరుకి ఉత్తరం రాశారా? మూడింటికీ లేదనే చెప్పాం. ఎనిమిది నెలలు ఉత్తరాలు తిరిగాక 1,900లో 700 వెనక్కి వచ్చాయి.

డబ్బు పోతే పోయింది. ఆ చలికాలమంతా బాబు దగ్గుతూనే ఉన్నాడు. బయటి చలి వల్ల అనుకుని ఇంకా గట్టిగా మూసేదాన్ని. ఫిబ్రవరిలో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ ముందు అడిగింది పడుకునే గదికి గాలి వస్తుందా అని. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు.

అందుకని పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు కిటికీలన్నీ పూర్తిగా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. అంతసేపూ హీటరు కట్టేయండి, పిల్లల్ని పక్క గదిలో కూర్చోబెట్టండి. రోజంతా కిటికీని కొంచెంగా వాల్చి ఉంచితే గోడ చల్లబడుతుంది తప్ప తేమ పోదు. వంట చేసేటప్పుడు వంటింటి తలుపు వేసేయండి.

జయనగర నుంచి:
కిటికీల కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మేము 2016 నుంచి ఐదేళ్ళు స్టుట్‌గార్ట్‌లో ఉన్నాం. దిగిన 2 వారాల్లో ఆఫీసుకి వెళ్ళి చిరునామా నమోదు చేయించాలి. ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఓనరు సంతకం పెట్టిన కాగితం లేకపోతే చేయరు. చంటిపిల్లలకి కూడా తప్పదు. ఆలస్యం అయితే జరిమానా. అపాయింట్‌మెంట్ దొరకదు కాబట్టి ఇక్కడి నుంచే బుక్ చేసుకోండి అమ్మా.

మ్యూనిక్ నుంచి (ఇదివరకు బెల్లందూరు):
అన్నయ్య గారూ, మీరు చెప్పింది అక్కడ కాపురం పెట్టేవాళ్ళకి. విదేశంలో ఉండేవాళ్ళు చూడ్డానికి వచ్చి 3 నెలల లోపు వెళ్ళిపోతే ఆ నమోదు అక్కర్లేదు. ఈవిడ ఉండేది రెండు నెలలు కూడా కాదు. వాళ్ళాయన పేరు మీద నమోదు ఉంటే చాలు. ఆవిడకి లేనిపోని టెన్షన్ పెట్టకండి, దయచేసి.

జయనగర నుంచి:
నమోదు సంగతి మీరన్నట్టే కానివ్వండి, ఒప్పుకుంటాను. కానీ భార్యాపిల్లలు వస్తున్నారని ఓనరుకి ముందే రాసి పంపమనండి. గేటు దగ్గర బెల్లు మీద, పోస్టు డబ్బా మీద ఇంటి పేరు ఉందో లేదో చూసుకోమనండి. పేరు లేకపోతే పోస్టువాడు ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. మాకు కరెంటు బిల్లు అలాగే రెండుసార్లు పోయింది.

హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ నుంచి:
సామాను సంగతి ఎవరూ చెప్పలేదు. పచ్చళ్ళు, కారప్పొడులు, అప్పడాలు, బెల్లం పట్టుకెళ్ళండి. నెయ్యి మర్చిపోవద్దు. బాబు అన్నంలోకి కావాలి కదా. మేము ఆరుసార్లు తీసుకెళ్ళాం, ఎవరూ అడగలేదు.

మ్యూనిక్ నుంచి:
అక్కా, నెయ్యి వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాల పదార్థాలు సామానులో తేకూడదు. నెయ్యి, పాలకోవా, పన్నీరు, పాల స్వీట్లు అన్నీ ఇందులోకే వస్తాయి. మిమ్మల్ని ఆపలేదంటే మీ పెట్టె చూడలేదనే అర్థం. మా పక్కింటివాళ్ళ పెట్టె తెరిచారు. వాళ్ళ అమ్మగారు పంపిన సున్నుండలు కూడా, నేతివని, కళ్ళముందే బుట్టలో వేశారు. పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపు ఉంది. కంపెనీ ప్యాకింగులో, సీలు తీయకుండా, ఫ్రిజ్ అక్కర్లేనిది మనిషికి 2 కిలోల దాకా తేవచ్చు.

పచ్చి కరివేపాకు, గోంగూర, పళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. అరటిపండు, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరం, డ్యూరియన్ ఈ అయిదింటికే అక్కర్లేదు. కరివేపాకు పొడి కొట్టుకుని రండి.

హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ నుంచి:
రెండు నెలలు పసివాడికి నెయ్యి లేకుండా ఎలాగండీ? రూలు రాసినవాళ్ళ ఇంట్లో పిల్లలు లేరా?

మ్యూనిక్ నుంచి:
లేకుండా ఎందుకక్కా? ఇక్కడ ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఉప్పు లేని వెన్న దొరుకుతుంది. ఇంట్లో కాచుకుంటే మన ఊరి నెయ్యి వాసనే వస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడు మెచ్చుకుంది.

వైట్‌ఫీల్డ్ నుంచి:
నేను పిల్లల డాక్టర్ని, రెండు చలికాలాలు అక్కడ గడిపాను. జ్వరం సంగతి చెప్తాను. డిసెంబరు 24 మధ్యాహ్నం 2 గంటలకి దుకాణాలు మూసేస్తారు. 25, 26 సెలవు. జనవరి 1, 6 కూడా సెలవే. ఆదివారాలు ఎలాగూ తెరవరు. ఆ రోజుల్లో చాలా క్లినిక్‌లు కూడా మూసి ఉంటాయి. పిల్లల పారాసెటమాల్ సిరప్, థర్మామీటర్, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, మీ డాక్టరు రాసిన చీటీ హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి. బరువుని బట్టి డోసు ఎంతో ఇక్కడే రాయించుకోండి. క్లినిక్ మూసి ఉన్నప్పుడు 116117కి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న డాక్టరు ఎక్కడున్నారో చెప్తారు. ఊపిరి తీసుకోలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా ఆలోచించకుండా 112. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు, ఇక్కడి మెడికల్ షాపులా అడిగితే దొరుకుతుందనుకోవద్దు.

జలుబు చలి వల్ల రాదు, వైరస్ వల్ల వస్తుంది. అందరూ ఒకే మూసిన గదిలో ఉంటే ఒకరి నుంచి ఒకరికి తొందరగా అంటుకుంటుంది. సర్జాపుర రోడ్డు అక్క చెప్పింది అందుకే నిజం. డిసెంబరు చివర్లో 8 గంటలకి తెల్లవారి సాయంత్రం 4:20కి చీకటి పడుతుంది. మధ్యాహ్నం 11 నుంచి 1 మధ్య రోజూ గంట సేపు బాబుని బయట తిప్పండి, మంచు పడుతున్నా సరే. పలుచటివి రెండు మూడు పొరలు వేయండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే చాలు. చెమట పడితే ఒక పొర తీసేయండి. ముక్కు, వేళ్ళు చల్లగా ఉన్నాయని కంగారు పడొద్దు.

జయనగర నుంచి:
డాక్టరమ్మా, మంచులో ఏడాదిన్నర పిల్లాణ్ణి గంట సేపా? మా అమ్మ వింటే ఊరుకోదు. పదిహేను నిమిషాలు చాలు.

వైట్‌ఫీల్డ్ నుంచి:
పెద్దవారు, మీ భయం నాకు అర్థమవుతుంది. మంచి ఓవరాల్, టోపీ, గ్లౌజులు ఉంటే గంట ఏమీ కాదండీ. ఈదురుగాలి ఉన్నా, మైనస్ పది దాటినా తొందరగా తిరిగి వచ్చేయండి. అక్కడి బాలవాడీల్లో పిల్లల్ని రోజూ తోటలోకి తీసుకెళ్తారు.

మ్యూనిక్ నుంచి:
ఎక్కడికి తిప్పాలో నేను చెప్తాను. హెల్లాబ్రున్ జూ ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంటుంది, క్రిస్మస్ రోజు కూడా. పాపకి డాయ్‌చెస్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉంది, వాన పడే రోజుకి అది ఉంచుకోండి. మరియెన్‌ప్లాట్స్ క్రిస్మస్ బజారు 24 మధ్యాహ్నానికే ఎత్తేస్తారు, మీరు దిగిన వారంలోనే చూసేయండి. ఆరేళ్ళ లోపు పిల్లలకి మెట్రో, ట్రామ్‌లో టికెట్ లేదు. టాక్సీ ఎక్కితే మాత్రం చైల్డ్ సీటు కావాలి, ముందే అడగండి. సీటులో కూర్చోబెట్టేటప్పుడు లావు జాకెట్ విప్పి బెల్టు పెట్టండి. జాకెట్ మీద బిగిస్తే బెల్టు వదులుగా ఉండిపోతుంది.

మారతహళ్ళి నుంచి:
అందరికీ చేతులెత్తి దండం. నెయ్యి సీసా పెట్టెలోంచి తీసేశాను, థర్మల్స్ తెచ్చాను. ఓనరుకి రాయమని మా ఆయనకి చెప్పాను. మెయిల్ కాపీ పంపారు కూడా. దిగిన రోజే గోడల ఫొటోలు తీస్తాను. ఇంకొక్కటి అడగనా? సంక్రాంతికి మేము అక్కడే ఉంటాం. బాబుకి మొదటిసారి భోగిపళ్ళు పోద్దామని మా అత్తగారు పోయిన ఏడాది నుంచి అంటున్నారు. రేగిపళ్ళు కూడా తేకూడదంటారా?

మ్యూనిక్ నుంచి:
పచ్చివి తేవద్దమ్మా. మెయిన్ స్టేషన్ దగ్గర గ్యోథెస్ట్రాసెలో టర్కీవాళ్ళ దుకాణాలు చాలా ఉన్నాయి, అక్కడ ఎండు పళ్ళు, నువ్వులు దొరుకుతాయి. మేము మా పాపకి ఎండు ఖర్జూరం, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు, బంతిపూలు దొరక్క గులాబీ రేకులు కలిపి పోశాం. ఇక్కడికీ అక్కడికీ నాలుగున్నర గంటల తేడా. మీ అత్తగారికి సాయంత్రం 5 అయితే మీకు మధ్యాహ్నం 12:30, ఎండ ఉన్న వేళే. వీడియో కాల్ పెట్టి ఆవిడ చేత పాట పాడించండి. శనగలు మాత్రం ముందు రోజు రాత్రే నానబెట్టుకోండి. ఆ రోజు మాకు వీలైతే మా పిల్లల్ని కూడా తీసుకొస్తాం, పేరంటానికి మనుషులు ఉండాలి కదా.