ఎయిట్‌లో కాక్స్‌గా ఎవరుండాలి: తేలికైనవాళ్లా, నది తెలిసినవాళ్లా?

ఐదో సీటు:
లండన్‌లో ఉంటాను. నాలుగేళ్లుగా థేమ్స్ మీద ఒక క్లబ్బులో రోయింగ్ చేస్తున్నాను. రోయింగ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎయిట్ అంటే ఎనిమిది మంది తెడ్లు వేసే సన్నటి పొడుగు పడవ. మేమంతా వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాం. ముందు వంతెన ఉందో, ఇంకో పడవ ఉందో చూడగలిగేది ఒక్కరే. చివర్లో మాకు ఎదురుగా కూర్చుని చుక్కాని తాళ్లు పట్టుకుని, మైకులో అరుస్తూ ఉండే కాక్స్.

ఇప్పుడు గొడవంతా ఆ సీటు గురించే. మార్చిలో హెడ్ ఆఫ్ ద రివర్ రేసు ఉంది. మోర్ట్‌లేక్ నుంచి పట్నీ దాకా 6.8 కిలోమీటర్లు, ఆటుకి నీరు సముద్రం వైపు లాగే దిక్కుకే. మా కాక్స్ మూడేళ్లుగా మాతో ఉంది. బరువు 68 కిలోలు. కోచ్ ఆమెను పక్కన పెట్టి, సెప్టెంబరులో చేరిన 55 కిలోల కుర్రాణ్ణి కూర్చోబెడతానంటున్నాడు. పదమూడు కిలోలు ఊరికే మోసుకెళ్లడం ఎందుకని ఆయన వాదన. పడవలోనే నలుగురు అటు, నలుగురు ఇటు అయ్యారు. నేను ఆమె వైపు. మీరేమంటారు?

హుస్సేన్‌సాగర్ గాలి:
కోచ్ వైపే నేను. కాలేజీ రోజుల్లో హుస్సేన్‌సాగర్‌లో తెడ్డు వేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. పడవలో తెడ్డు వెయ్యని మనిషి ఒక్కరే. ఆ ఒక్కరి బరువు తగ్గించుకోగలిగితే ఎందుకు తగ్గించుకోకూడదు? హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన ఎయిట్‌కి వెండి పతకం వచ్చింది, గుర్తుందా? చైనాకీ మనకీ మధ్య తేడా మూడు సెకన్ల లోపే. అక్కడ కిలో కూడా లెక్కే. ప్రపంచ స్థాయి రేసుల్లో కాక్స్ కనీస బరువు 55 అని రూలు. అంతకంటే తక్కువుంటే ఇసక సంచీ పెట్టుకుని మరీ 55 చేస్తారు. అంటే అందరూ ఆ అంకె దగ్గరే ఉండాలని చూస్తున్నారనేగా?

కొత్తగా చేరా:
అడ్డొస్తున్నందుకు సారీ. తెడ్డు వెయ్యకపోయినా కాక్స్‌కి కూడా పతకం ఇస్తారా?

లెక్కల మాస్టారు:
ఇస్తారు తమ్ముడూ, అదే పతకం. బ్రిటన్ కాక్స్ హెన్రీ ఫీల్డ్‌మన్ టోక్యోలో మగవాళ్ల ఎయిట్‌తో కంచు గెలిచాడు, పారిస్‌లో ఆడవాళ్ల ఎయిట్‌తో మళ్లీ కంచు గెలిచాడు. 2017 నుంచి కాక్స్ ఆడా మగా అన్న పట్టింపు తీసేశారు.

సరే, అసలు సంగతికొద్దాం. పదమూడు కిలోలకు ఎంత నష్టమో చూద్దాం. పడవ దాదాపు 100 కిలోలు, ఎనిమిది మంది సగటున 82 చొప్పున 656, తెడ్లు ఓ 20, కాక్స్ 55. మొత్తం 830 అనుకోండి. దాని మీద 13 అంటే 1.6 శాతం. బరువు పెరిగితే పడవ కాస్త దిగుతుంది, నీటి రాపిడి ఒక శాతం దాకా పెరుగుతుంది. వేగంలో పడే దెబ్బ అందులో మూడో వంతు, సుమారు 0.35 శాతం. మీ ఎయిట్ 19 నిమిషాల్లో వస్తుందనుకుంటే నష్టం నాలుగు సెకన్లు. అదే 2000 మీటర్ల రేసులో అయితే సెకనుంపావు, ఏడు మీటర్లు. అరపడవ కూడా కాదు.

ఇప్పుడు రెండోవైపు. నది మధ్యలో నీరు సెకనుకి మీటరున్నర లాగుతోందనుకోండి, గట్టు పక్కన మీటరే. తప్పు దారిలో ఒక్క నిమిషం ఉంటే 30 మీటర్లు పోయినట్టే, అంటే అయిదు సెకన్లు. పదమూడు కిలోలూ అక్కడికక్కడే చెల్లు.

హుస్సేన్‌సాగర్ గాలి:
మాస్టారూ, మీ లెక్కే నా వైపు సాక్ష్యం చెప్తోంది. తిన్నటి లేన్లలో తేలే రేసుకి సెకనుంపావు అంటే చిన్న విషయమా?

లెక్కల మాస్టారు:
కాదు. కానీ వాళ్లు పరిగెత్తేది మలుపుల నది మీద, లేన్లలో కాదు. బరువు పిచ్చి ఎక్కడిదాకా పోతుందో చెప్పనా? 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ఇద్దరు డచ్చివాళ్లు తమ కాక్స్ మరీ బరువని దింపేసి, అక్కడే దొరికిన ఒక ఫ్రెంచి పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని గెలిచారు. ఆ పిల్లాడెవరో ఇప్పటికీ ఖాయంగా తెలియదు.

గోదారోడు:
మా నాన్న లాంచీ సరంగు. నీటి రంగు చూసి ఇసక మేట ఎక్కడుందో చెప్పేవాడు. నిన్న ఉన్న మేట ఇవాళ ఉండదు. సరంగుని తూకం వేసి పెట్టుకున్న లాంచీని నేనెక్కడా చూళ్లేదు.

హుస్సేన్‌సాగర్ గాలి:
లాంచీకి ఇంజనుంటుంది గోదారన్నా! ఇక్కడ ఇంజను మేమే 😀

మైకు నాదే:
నేనూ థేమ్స్ మీదే కాక్స్‌ని, వేరే క్లబ్బు. ఇంతమంది మాట్లాడారు గానీ ఆ సీట్లో కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు, అందుకే రాస్తున్నా.

రెండేళ్ల కిందట మా కోచ్ కూడా 55కి దిగమన్నాడు. మూడు వారాలు రాత్రిపూట మజ్జిగతో సరిపెట్టుకున్నా. దిగాను. రేసు రోజు మూడు స్వెట్టర్లు వేసుకున్నా చలే. తెడ్డు వేసేవాళ్లకు చెమట పడుతుంది, మనం కదలకుండా కూర్చుంటాం కదా. హామర్‌స్మిత్ వంతెన దగ్గరికి వచ్చేసరికి వేళ్లు తాడు మీద ఉన్నాయో లేదో తెలియడం లేదు. పక్కనుంచి ఒక పడవ దాటబోతోంది. కొంచెం లాగుదామనుకుని ఎక్కువ లాగేశాను. పడవ ఎడమకి ఒరిగింది. మూడో సీటు అతని తెడ్డు నీళ్లలో ఇరుక్కుని, పిడి వచ్చి పొట్టలో గుద్దింది. ఆరేడు స్ట్రోకులు పోయాయి. తగ్గించుకున్న కిలోలు ఎటు పోయాయో ఎవరూ అడగలేదు. 55 అన్న రూలు పెట్టింది కాక్స్‌లు ఇలా మాడిపోకూడదనే, గాలి గారూ. అది కింది హద్దు. అక్కడికి చేరి తీరాలని కాదు.

ఇక ఐదో సీటు గారికి. ఆ కుర్రాడికి నది నేర్పకపోతే మీకు ఎప్పటికీ రెండో కాక్స్ ఉండరు. ఇదీ నిజమే. కానీ మూడొందల పడవల మధ్య నేర్పడం పద్ధతి కాదు. ఇంకో మాట, అసలు మీ కాక్స్‌ని అడిగారా? ఇక్కడ ఆమె బరువు అందరికీ తెలిసింది, ఆమె మాట మాత్రం ఎక్కడా లేదు.

ఐదో సీటు:
అడగలేదు. సిగ్గేసింది.

ఐదో సీటు:
వారం తర్వాత మళ్లీ రాస్తున్నా. అడిగాను. ఆమెకు ఎప్పుడో తెలుసట. ‘శనివారం వాణ్ణి కూర్చోబెట్టండి, నేను గట్టు మీద సైకిలేసుకుని వస్తా. ఆదివారం నేను కూర్చుంటా. తర్వాత మాట్లాడుకుందాం’ అంది.

శనివారం చీకటితో దిగాం, పడవ మీద మంచు తుడిచి మరీ. చిజిక్ ఐట్ అనే చిన్న లంక దాటేదాకా బాగానే ఉంది. హామర్‌స్మిత్ మలుపులో కుర్రాడు దగ్గర దారని మలుపు లోపలివైపున్న సర్రే గట్టుకి తిప్పేశాడు. నాకు వెనక ఏముందో కనపడదు గానీ తెడ్డుకి తెలిసిపోయింది. నీరు చచ్చిపోయింది, బురదలో లాగుతున్నట్టుంది. గట్టు మీంచి ఆమె ఏదో అరుస్తోంది, మాకు వినపడదు. కోచ్ వైపున్న నలుగురిలో ఒకడు మెల్లగా బూతు తిట్టాడు.

ఆదివారం ఆమెతో అదే మలుపు బయటి నీటి మీద జారిపోయింది. కానీ ఒకటి ఒప్పుకోవాలి. చివరి కిలోమీటరులో కుర్రాడి గొంతు వేరు. ఆమె లెక్క చెప్పినట్టు చెప్తుంది. అతను మైకులో మమ్మల్ని పేరు పేరునా పిలిచి లాగించాడు. ‘ఐదూ, నువ్వు తగ్గుతున్నావ్’ అన్నప్పుడు నిజంగానే తగ్గుతున్నా.

కోచ్ ఇంకా ఏమీ తేల్చలేదు.

మైకు నాదే:
తేల్చేలోపు ఒక పని చెయ్యండి. ఎనిమిది మందీ తలా కిలోన్నర తగ్గితే పన్నెండు కిలోలు. ఆ సంగతి మీ కోచ్ ఎందుకు ఎత్తలేదో?

హుస్సేన్‌సాగర్ గాలి:
ఈ ఒక్క మాటకి నేను కూడా మీ వైపే 😀

ఐదో సీటు:
నిన్న క్లబ్బులో తూకం చూసుకున్నా. 91. సెప్టెంబరులో 87 ఉన్నా. సంక్రాంతికి అమ్మ పంపిన అరిసెల డబ్బా ఇంకా సగం ఉంది. మావాళ్లకెవరికీ చెప్పకండి.