వెస్ట్ ఆక్లండ్‌ను 1909లో ట్యూరిన్‌కు పిలిచిందెవరు?

తెలుగు వికీపీడియా కోసం వెస్ట్ ఆక్లండ్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ గురించి రాస్తూ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇంగ్లండ్‌లోని డరమ్ కౌంటీలో బొగ్గుగని కార్మికుల ఊరు జట్టు ఇది. ఇటలీలోని ట్యూరిన్‌కు వెళ్లి 1909లో, మళ్లీ 1911లో సర్ థామస్ లిప్టన్ ట్రోఫీ గెలిచింది. రెండోసారి ఫైనల్లో ఇటలీ క్లబ్ యువెంటస్‌ను 6-1తో ఓడించింది! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చిక్కంతా ఆహ్వానం దగ్గరే. ఉత్తరం వూల్విచ్ ఆర్సెనల్‌కు (నేటి లండన్ క్లబ్ ఆర్సెనల్) రావాల్సిందనీ, ఇంగ్లిష్‌లో రెండు పేర్లకూ ఒకటే అయిన 'డబ్ల్యూ.ఎ.' అనే పొడి అక్షరాల వల్ల పొరపాటున వీళ్లకు చేరిందనీ ఒక కథ ఉంది. ఆధారం లేకుండా దాన్ని రాయడానికి మనసొప్పడం లేదు.

రెండు వారాలుగా 1909 మార్చి, ఏప్రిల్ నెలల పాత ఇంగ్లిష్ పత్రికల స్కాన్లు వెతికాను. క్లబ్ పేరుతో, లిప్టన్ పేరుతో, ట్యూరిన్‌ను ఇటాలియన్‌లో 'తొరీనో' అని కూడా కొట్టి చూశాను. ఒక పేజీలో సరిగ్గా కావాల్సిన పేరా మీదే మడత పడి, అక్షరాలు అలుక్కుపోయాయి. ఈ కథ నాకు దొరికినవన్నీ చాలా ఏళ్ల తర్వాత రాసినవే.

ఆహ్వానం ఎవరు పంపారో చెప్పే 1909 నాటి పత్రికా వార్త గానీ, ఉత్తరం గానీ మీలో ఎవరైనా చూశారా?