సమస్యాపూరణం: "కందిరీగ కాదు కందిరీగ"

గుణుపురం మాస్టారు: ఈసారి ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నా, పై మూడూ మీరు పూరించాలి. మా ఆవమడి పూతకొచ్చింది, దానిమీద గాల్లో కదలకుండా నిలబడే హోవర్‌ఫ్లై అనే ఈగ, ఎపిసిర్ఫస్ బాల్టియాటస్, దాని గురించే రాయాలి. సెంటీమీటరు పొడవు, నారింజరంగు పొట్ట, నల్ల చారలు జంటలుగా, ఒకటి లావు, ఒకటి మీసమంత సన్నం. రెక్కలు రెండే, కందిరీగకైతే నాలుగు. ముల్లు లేదు. వర్ణన పేరుతో పొగడ్తలొద్దు, ఈగ కనబడాలి.

రాయగడ పిన్ని:
ఆవ పూలమీద నాగె చారల యీగ
రెండు రెక్క లంతె, రిత్త తోక
భయము వలదు పాప, పైచూపునకు నది
కందిరీగ, కాదు కందిరీగ

జయపురం బావ: "రిత్త తోక" బావుంది పిన్నీ, ముల్లు అనకుండానే ముల్లు లేదని చెప్పేశావు. కానీ మొదటి పాదంలోనే యీగ అనేశాక చివరి విరుపుకి బలమేముంది?

రాయగడ పిన్ని: ఈగ అని చెప్పకపోతే ఆ రెండు రెక్కలు దేనివనుకుంటారు నాయనా? నీ పద్యం ఏదీ?

జయపురం బావ: ఇదిగో, మా ఇంట్లో రోజూ జరిగే గొడవే.
కన్ను రెండు కలిసె, కాన మగది యంటి
చారలెన్ని? జంట జంట యంటి
వినడు తమ్ము డసలు, వేసె నదే కేక
"కందిరీగ!" "కాదు." "కందిరీగ!"

గుణుపురం మాస్టారు: భేష్. సమస్యని ఒకరి మాటగా కాదు, ఇద్దరి వాదులాటగా విరిచావు, పైగా మగదానికి కళ్లు నడినెత్తిన కలుస్తాయన్నదీ పట్టావు.

పర్లాకిమిడి కుర్రాడు: బళ్లో ఒడియా, ఇంట్లో ఛందస్సు, తిట్టకండి మాస్టారూ.
పేనుబంక మేయు పిల్లగా నుండగ
పెరిగి పూలపుప్పొడి తినును
దీన్ని చంప బోకు, తెలియక యనబోకు
కందిరీగ, కాదు కందిరీగ

గుణుపురం మాస్టారు: తిట్టడానికేముందిరా, మూడు పాదాలు శుభ్రంగా నడిచాయి. రెండోదాంట్లో చివరి గణం, అంటే అక్షరాల గుంపు, ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయింది, "పె"కి "డి"తో యతీ (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు) కుదర్లేదు. "పెరిగి పూల తేనె పీల్చి బతుకు" అని మార్చు, రెండూ సర్దుకుంటాయి. పుప్పొడి పోయిందని బెంగ పడకు, అది తేనె కూడా తాగుతుంది. పిల్లపురుగు పేనుబంకని, అంటే మొక్కల రసం పీల్చే చిన్న పురుగుల్ని, తింటుందన్న ముక్క పిన్నికీ బావకీ తట్టలేదు చూడు.

రాయగడ పిన్ని: తట్టింది గానీ పాదంలో ఇమడలేదు!

గుణుపురం మాస్టారు: సరే పిన్నీ. ఆడ ఈగకి కళ్ల మధ్య ఎడం ఉంటుంది, దాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం దాకా గడువుంది.