76 ఏళ్ల అమ్మకి రొమ్ము క్యాన్సర్: రేడియేషన్ అక్కర్లేదంటున్నారు, వయసు చూసేనా?

పాల్వంచ_పద్మ
అమ్మకి కుడి రొమ్ములో 1.6 సెంటీమీటర్ల గడ్డ. గడ్డ వరకే తీశారు, అంచులు క్లీన్‌గా వచ్చాయి, చంకలో బిళ్ళలకి (లింఫ్ గ్రంథులకి) పాకలేదు. రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోనుకి స్పందించే గుణం) బాగా పాజిటివ్, హెర్2 (గడ్డని వేగంగా పెంచే ప్రోటీన్) నెగెటివ్, గ్రేడ్ 2 అంటే మధ్యరకం. "రోజుకో లెట్రోజోల్ మాత్ర (ఈస్ట్రోజన్‌ని తగ్గించే హార్మోను మాత్ర) వేసుకుంటే కరెంటు, అదే రేడియేషన్, పెట్టకపోయినా పర్లేదు, ఆలోచించుకోండి" అన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచీ ఇంట్లో గొడవ. ముసలామె కదా అని వదిలేస్తున్నారని అన్నయ్య బాధ. అమ్మకి బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, అయినా పొద్దున్నే లేచి కళ్లాపి తనే చల్లుతుంది. పక్కింటి ఆవిడకి 50 ఏళ్లు, ఇదే జబ్బు, ఆమెకి మూడు వారాలు కరెంటు పెట్టారు. ఎందుకీ తేడా?

ఆర్టీ_టెక్నాలజిస్ట్
పద్మగారూ, నేను రేడియేషన్ మెషిన్ దగ్గర పనిచేస్తాను. వయసు చూసి చేతులెత్తేసే వాళ్లు లేకపోలేదు, మీ అన్నయ్యగారి భయం ఊరికే వచ్చింది కాదు. కానీ మీ డాక్టరుగారు చెప్పినదానికి ఆధారం ఉంది. ప్రైమ్ 2 అనే అధ్యయనంలో 65 దాటిన 1,326 మంది ఆడవాళ్లని చూశారు. అందరికీ చిన్న గడ్డలే, బిళ్ళలకి పాకనివే, అందరూ హార్మోను మాత్ర మీదే. పదేళ్లకి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది రేడియేషన్ తీసుకోనివాళ్లలో 9.5 శాతం మందికి, తీసుకున్నవాళ్లలో 0.9 శాతం మందికి. బతికున్నవాళ్లు మాత్రం రెండు వైపులా దాదాపు 81 శాతమే.

పక్కింటావిడ సంగతి వేరు. చిన్న వయసులో అదే రొమ్ములో తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ముందు బతకాల్సిన ఏళ్లూ ఎక్కువ. పెద్దవాళ్ల గడ్డల్లో హార్మోను మీద ఆధారపడి మెల్లగా పెరిగేవి ఎక్కువ.

అసలు చూడాల్సింది మాత్ర. ఈ లెక్కంతా కనీసం ఐదేళ్లు మానకుండా వేసుకుంటేనే. లెట్రోజోల్‌తో కీళ్ల నొప్పులు పెరగొచ్చు, ఎముకలు పలచబడతాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి కాబట్టి ముందే డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసేది), విటమిన్ డి రక్తపరీక్ష చేయించండి. మధ్యలో మానేస్తారనిపిస్తే రేడియేషనే నయం. 26 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) మొత్తాన్ని ఐదు రోజుల్లో ఇచ్చే పద్ధతి కూడా ఉంది, ఫాస్ట్ ఫార్వర్డ్ అనే అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాక చాలాచోట్ల వాడుతున్నారు.

గుంటూరు_రవి
అక్కా, మాది వేరే క్యాన్సరు, కానీ ఇది పెద్దవాళ్లందరికీ పనికొస్తుంది. నాన్నగారికి 74, పెద్దపేగు. క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి కిడ్నీలు వడకట్టే వ్యర్థం) 1.1, రిపోర్టులో నార్మల్ అనే ఉంది. ఆంకాలజిస్టు వయసు, 46 కిలోల బరువు వేసి లెక్కకడితే కిడ్నీల వడపోత నిమిషానికి 38 మిల్లీలీటర్లకి దిగింది. కండ తగ్గినవాళ్లలో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది, అందుకే ఆ అంకె ఒక్కటే చూస్తే కిడ్నీ బాగున్నట్టే కనిపిస్తుందని చెప్పారు. అందుకే కేపసిటబిన్ అనే కీమో మాత్రలు ముప్పావు వంతుకి తగ్గించారు. మీ అమ్మగారు వేసుకునే మాత్రలన్నీ ఒక చీటీ మీద రాసి డాక్టరుకి చూపించండి.

పాల్వంచ_పద్మ
అమ్మనే కూర్చోబెట్టి అడిగాం. "ఐదు రోజులైతే వస్తా, హైదరాబాద్‌లో పిన్ని ఇంట్లో ఉంటా. బీపీ మాత్రే మర్చిపోతుంటా, ఐదేళ్లు ఇది మర్చిపోనని మాటివ్వలేను" అంది.

ఆర్టీ_టెక్నాలజిస్ట్
ఆమె అన్న ఈ మాటే డాక్టరుగారికి చెప్పండి. ఐదు రోజుల పద్ధతి కుదురుతుందా అన్నది రేడియేషన్ డాక్టరు చూసి చెప్పాలి. కుడి రొమ్ము కాబట్టి గుండెకి తగిలేది తక్కువ. రేడియేషన్ అయ్యాక మాత్ర కూడా కావాలా, మానేయొచ్చా అన్నది విడిగా అడగండి.