మోటార్‌హోమ్ సింకు దగ్గర కంపు: ట్యాంకులో మందు పోయాలా, గాలి దారి మూయాలా?

చక్రాలఇల్లు
మోటార్‌హోమ్‌లో వంటగది సింకు కింద, షవర్ తూము దగ్గర కంపు. బండి నడిపిన రోజు సాయంత్రం ఎక్కువ, ఒకేచోట రెండు రోజులు ఆగితే తగ్గుతుంది. టాయిలెట్ దగ్గర ఏమీ లేదు. గ్రే ట్యాంకు (సింకు, షవర్ నీరు చేరేది) 150 లీటర్లు. ఎంజైము మందు పొయ్యమని కొందరు, ట్యాంకు జోలికి పోకుండా పైన సీళ్లు చూడమని కొందరు అంటున్నారు. ఏది ముందు? కారణంతో సహా చెప్పండి.

పానాపట్టు
సీళ్లే ముందు. మురుగు నిలవున్న ట్యాంకు కంపు కొట్టక మానదు. అది లోపలికి ఎలా వస్తోందన్నదే ప్రశ్న. సింకుల వైపు అడ్డు నిలిచేవి మూడు: పి-ట్రాప్‌లో (తూము కింది వంపు గొట్టంలో) నిలిచే నీరు, సింకు కింద ఉండే గాలి వాల్వు, పైకప్పు మీదికి వెళ్లే వెంట్ పైపు.

మీరు చెప్పిన తీరులోనే జవాబు సగం ఉంది. నేల కింద చోటు చాలక షవర్‌కు లోతు తక్కువ ట్రాప్ పెడతారు. కుదుపులకు అందులో నీరే ముందు ఒలికిపోతుంది. ఆగిన చోట స్నానం చేయగానే మళ్లీ నిండుతుంది, కంపు తగ్గుతుంది. బండి ఆపగానే ప్రతి తూములో అర లీటరు నీరు పోసి గంట ఆగి చూడండి. షవర్ దగ్గర పోయి సింకు కింద మిగిలితే ఇక అనుమానం గాలి వాల్వు మీదే.

సింకు గొట్టం పైన నల్లటి ప్లాస్టిక్ టోపీలా కనిపించేది అదే. నీరు దిగేటప్పుడు గాలిని లోపలికి తీసుకుని, ఆ వెంటనే మూసుకోవాలి. చవక రకాల్లో లోపల స్ప్రింగు ఉంటుంది, అది బలహీనపడి రబ్బరు పూర్తిగా ఆనదు. పరీక్ష సులువు: దాని మీద ప్లాస్టిక్ సంచి తొడిగి టేపు చుట్టి ఒక రాత్రి వదిలేయండి. ఆ రాత్రి సింకు వాడొద్దు, గాలి అందక ట్రాప్‌లో నీటిని గొట్టమే లాగేస్తుంది. తెల్లారికి కంపు లేకపోతే వాల్వు మార్చడమే. చేత్తో విప్పొచ్చు, మర చాలా బళ్లలో ఒకటిన్నర ఇంచిది. మరకు టెఫ్లాన్ టేపు మూడు చుట్లు వేసి చేతి బిగువుతోనే ఆపండి, పానా పెడితే ప్లాస్టిక్ చిట్లుతుంది. కొత్తది కొనేటప్పుడు స్ప్రింగు లేని రకం తీసుకోండి, పొర తన బరువుతోనే మూసుకునేది. దాన్ని నిటారుగా, ట్రాప్ నుంచి వెళ్లే అడ్డ గొట్టానికి కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తున పెట్టాలి.

అడుగుమడ్డి
వాల్వు సంగతి ఒప్పుకుంటాను, కానీ మందుతో పని లేదన్నట్టు చెప్పడం సరికాదు. చాలా బళ్లలో బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు చేరేది) కంటే గ్రే ట్యాంకే ఎక్కువ కంపు కొడుతుంది. గిన్నెల జిడ్డు, అన్నం మెతుకులు, సబ్బు నురగ కలిసి అడుగున మడ్డి కడతాయి. గాలి అందని ఆ మడ్డిలో సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. నైట్రేటు ఉన్న మందు వేస్తే, అది దొరికినంతసేపు అవి సల్ఫేటు జోలికి పోవు. నగరాల మురుగు పైపుల్లో కాల్షియం నైట్రేటు వేసేది ఇందుకే.

ఇంకోటి. తూము నోటికీ ట్రాప్‌కీ మధ్య ఉండే జానెడు గొట్టం లోపల జిగట పొర పడుతుంది. అది ట్రాప్‌కి ఇవతల ఉంటుంది కాబట్టి సీళ్లన్నీ కొత్తవైనా వాసన వస్తుంది. సింకు కింద నట్టు విప్పి, ఆ ముక్కను బయటికి తీసి, సీసాలు కడిగే బ్రష్‌తో వేడి సబ్బు నీళ్లలో తోమాలి. పైనుంచి ఏం పోసినా ఆ పొర ఊడదు.

పానాపట్టు
ఆ జానెడు గొట్టం మాట నిజమే, నేను వదిలేశాను. అయితే అది మందుకు కాదు, బ్రష్‌కు సాక్ష్యం.

మడ్డి ఎంతున్నా ముందు ఇది ఆలోచించండి. ట్యాంకులోకి 10 లీటర్ల నీరు దిగితే 10 లీటర్ల గాలి బయటికి పోవాలి. వెంట్ పైపు తెరిచి ఉంటే పైకప్పు మీదికి పోతుంది. పురుగులు గూడు కట్టి మూసేస్తే ట్రాప్ నీటిని తోసుకుంటూ బుడగలుగా ఇంట్లోకి వస్తుంది. అప్పుడు ఏ మందూ ఆపలేదు. షవర్ వదిలినప్పుడు సింకు గుడగుడమంటే ముందు పైకప్పు ఎక్కి మూత విప్పి చూడాలి.

అక్కడే ఇంకో లోపం కూడా కనిపిస్తుంది. పైపు కొన కప్పు మట్టం కంటే కిందకి ఉన్నా, పైపు చుట్టూ రంధ్రం వదులుగా ఉన్నా ఆవిరంతా సీలింగు లోపలికి చేరుతుంది. కప్పు మీద వాడే సీలెంటుతో ఆ సందు పూడ్చాలి. ట్యాంకు సగానికి పైగా నిండాకే కంపు మొదలైతే మాత్రం, వెంట్ పైపు జారి ట్యాంకులోకి దిగిపోయిందేమో చూడండి. నీరు దాని కొనను మూసేస్తుంది, గాలికి దారి ఉండదు. పైపును పైకి లాగి, ట్యాంకు లోపల రెండు సెంటీమీటర్లకు మించి ఉండకుండా క్లాంపుతో పట్టించాలి.

జారుడుమూత
ఈ ట్రాప్‌ల గొడవంతా ఎందుకు? షవర్‌కూ సింకుకూ హెప్‌వో (నీరు నిలవ అక్కర్లేని ఒకవైపు వాల్వు) పెట్టేయండి. నీరు అక్కర్లేదు, లోపలి మెత్తటి పొర నీరు దిగేటప్పుడు తెరుచుకుని తర్వాత ముడుచుకుంటుంది. కుదుపులకు ఒలికేదేమీ లేదు, చలికి గడ్డకట్టేదీ లేదు. బాణం గుర్తు నీరు పోయే వైపు ఉండాలి, అడ్డంగా పెడితే కొద్దిగా వాలు ఇవ్వాలి.

పానాపట్టు
షవర్‌కు తప్పకుండా పెట్టొచ్చు. వంటగదికి మాత్రం తొందరపడొద్దంటాను. జిడ్డు గట్టిపడినా, ఒక్క మెతుకు ఇరుక్కున్నా పొర మూసుకోదు. తీగతో పొడిస్తే చిరుగుతుంది. పి-ట్రాప్ అయితే చేత్తో విప్పి కడుక్కోవచ్చు. వంట సింకుకు జాలీ పెట్టి, పళ్లేలు కాగితంతో తుడిచాకే కడిగే అలవాటుంటే అప్పుడు సరే.

తెల్లసీసా
ఇంత విప్పుడు దేనికి? తూములో ఒక కప్పు బ్లీచ్, తర్వాత వెనిగర్, బేకింగ్ సోడా. అన్నీ చస్తాయి.

అడుగుమడ్డి
దయచేసి ఇది ఎవరూ చేయకండి. బ్లీచ్‌కు వెనిగర్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లాక్ ట్యాంకులో పోస్తే మూత్రంలోని అమోనియాతో కలిసి క్లోరమిన్ అవుతుంది. బండి లోపల గాలి ఎంతుంటుంది? మూసిన తలుపుల మధ్య అది ప్రాణాల మీదికి వస్తుంది. పైగా బ్లీచ్ వాల్వు రబ్బర్లను పెళుసు చేస్తుంది, ఎంజైము మందులోని మంచి సూక్ష్మజీవుల్ని కూడా చంపుతుంది. సోడా, వెనిగర్ కలిపితే వచ్చేది నురగే. ఒకదాన్నొకటి విరగ్గొట్టుకుని, మిగిలేది దాదాపు ఉప్పునీరు లాంటిదే.

కుళ్లిన గుడ్డు వాసన విపరీతంగా వచ్చి ఉన్నట్టుండి ఆగితే సంతోషించకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100) దగ్గరికి చేరితే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. వెంటనే అందరూ బయటికి రండి.

చక్రాలఇల్లు
సరేనండీ. గ్రే ట్యాంకు కడగాలంటే ఎంత సబ్బు, ఎంత నీరు? హుక్‌అప్ ఉన్నచోట (క్యాంపు మురుగు లైనుకు బండి గొట్టం కలిపి ఉంచేచోట) గ్రే ట్యాంకు ఖాళీ చేసే వాల్వు తెరిచే ఉంచొచ్చా?

అడుగుమడ్డి
మీ 150 లీటర్లలో 100 దాకా నీరు నింపి, గిన్నెల సబ్బు 60 మి.లీ. వేసి, గంట సేపు బండి నడిపి, ఆ నీటిని ట్యాంకు నుంచి బయటికి వదిలేయండి. మడ్డి పాతదైతే రెండోసారి చేయాలి. సబ్బు ఎక్కువైతే నురగ వెంట్ దాకా ఎక్కుతుంది. మందు వేసేది ఆ తర్వాతే. మడ్డి మీద పోసిన మందు దండగ.

వాల్వు తెరిచి ఉంచితే క్యాంపు మురుగు లైను గాలి మీ ట్యాంకులోకి ఎదురొస్తుంది. నేను మూయమనే చెబుతాను. మూడొంతులు నిండాక ఒక్కసారి వదిలితే ఆ ఉరవడికి అడుగు కూడా కొట్టుకుపోతుంది.

పానాపట్టు
మూయడంలో మీతో ఏకీభవిస్తాను. తెరిచి ఉంచక తప్పదంటే మురుగు గొట్టాన్ని ఒకచోట కిందికి వంచి నీరు నిలిచేలా చేయండి, అదే ట్రాప్ అవుతుంది. బ్లాక్ వాల్వు మాత్రం ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. నీరు జారిపోయి గట్టిది గుట్టగా మిగులుతుంది.

మందు, సీళ్ల క్రమం మీద నా మాట మారలేదు. కిటికీలన్నీ మూసి, బాత్రూం ఫ్యాను ఐదు నిమిషాలు వేయండి. ఫ్యాను బయటికి లాగే కొద్దీ లోపల ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ సందుంటే అక్కడినుంచి ట్యాంకు గాలి వస్తుంది. ముక్కు ఆ దారి చూపించాక సబ్బు, మందు, మీ ఇష్టం.

జారుడుమూత
ఒక్కమాట చేర్చాలి. వేడి నీళ్లు విప్పినప్పుడే కంపు వస్తుంటే గ్లాసులో పట్టి, సింకుకు దూరంగా తీసుకెళ్లి వాసన చూడండి. గ్లాసులోనే కంపుంటే తప్పు తూముది కాదు, వాటర్ హీటరులోని మెగ్నీషియం కడ్డీది. అల్యూమినియం-జింక్ కడ్డీకి మార్చండి. అల్యూమినియం ట్యాంకు హీటర్లలో అసలు కడ్డీ ఉండదు, కొనేముందు మీ హీటరు ఏ రకమో చూసుకోండి.