గోరింట కంచెలో టక్ టక్ అనేది ఏ పిట్ట?

ప్రశ్న: మాది అలిపిరి దగ్గర. పొద్దున్నే మా గోరింట కంచెలో "టక్... టక్" అని వినిపిస్తోంది, రెండు గోలీలు కొట్టినట్టు. చూద్దామంటే ఆకుల చాటునే తిరుగుతుంది. మట్టిరంగు, పిచ్చుక కన్నా సన్నం. అమ్మ జీనువాయి అంటోంది, నాకు నమ్మకం లేదు. ఎవరన్నా చెప్పండన్నా.

జవాబు: బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అయ్యుంటుంది తమ్ముడూ. జీనువాయిది గింజలు కొరికే లావు ముక్కు, దీనిది పురుగులు ఏరే సన్నముక్కు. చలికాలమంతా మన దగ్గరుండి, ఏప్రిల్‌లో మధ్య ఆసియా, రష్యా వైపు పోతుంది. గూడు అక్కడే. పోయే ముందు కాస్త పాట కూడా ఎత్తుకుంటుంది, మధ్యలో వేరే పిట్టల గొంతులు కలిపి. దానికోసమైనా ఈ నెల తెల్లారకముందే లేవాలి. పిట్టల కూతలు గుర్తుపట్టే యాప్‌లో రికార్డ్ చేసుకో, కానీ కళ్లతో చూశాకే నువ్వు చూసిన పిట్టల లిస్టులో రాయి. యాప్ చెప్పిందల్లా నమ్మేవాళ్లతో నాకు పడదు.

మరో జవాబు: పొన్నంకి పిట్ట కూడా ఇప్పుడే ఉత్తరానికి పోతుంటుంది. చెట్ల కింద రాలిన ఆకుల్లో వెతకండి. ఆకుపచ్చ వీపు, తోక కింద ఎరుపు. పొద్దున, సాయంత్రం ఈల వేస్తుంది. ఎక్కువ నేలమీదే తిరుగుతుంది, వీధిలో పిల్లులుంటే కాస్త కనిపెట్టుకోండి.

అడిగినవారు: సన్నముక్కేనన్నా, ఇప్పుడే చూశా! పసుపు గొంతు పికిలిపిట్ట కూడా వలసదేనా?

జవాబు: కాదబ్బా, అది దక్షిణాది రాతికొండలదే. శేషాచలంలో ఏడాదంతా ఉంటుంది. ఎండెక్కకముందే పో.