1938 నాటి దస్తావేజు గట్టిగానే ఉంది, 1974 నాటి వారపత్రిక పొడి అవుతోంది. ఎందుకు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతగారి ట్రంకుపెట్టెలో పాత కాగితాలు దొరికాయి. 1938 నాటి పొలం దస్తావేజు (స్టాంపు కాగితం, చేతిరాత), 1950ల్లో ఆయన రాసుకున్న జమాఖర్చుల పుస్తకాలు, 1974, 75 నాటి వారపత్రికలు ఉన్నాయి. దస్తావేజు మడతల దగ్గర చిరిగింది కానీ మిగతాదంతా బాగానే ఉంది. వారపత్రికలు మాత్రం గోధుమరంగుకి తిరిగిపోయి, పేజీ తిప్పితే అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. అన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి కదా, పాతదానికన్నా కొత్తది ముందు పాడవడం ఏమిటి? జిరాక్స్ షాపులో దస్తావేజుని లామినేషన్ చేయించమన్నారు. నాన్నగారు అన్నిటినీ ఒకసారి ఎండలో పెట్టమంటున్నారు. ఏది మంచిది? దస్తావేజు విషయంలో టెన్షన్‌గా ఉంది.

జవాబు:

లామినేషన్ వద్దండి, ఎండ కూడా వద్దు. ముందు ఈ రెండూ ఆపేయండి, కారణం తర్వాత చెబుతాను.

కాగితం ఆయుష్షు దాని వయసు కంటే అది దేనితో తయారైందన్న దానిమీదే ఎక్కువ ఆధారపడుతుంది. పూర్వం కాగితాన్ని పాత నూలుగుడ్డల గుజ్జుతో చేసేవారు. అందులో ఉండేది దాదాపు అంతా సెల్యులోజ్ (మొక్కల పోగుల్లో ఉండే, పొడవాటి గొలుసుల్లాంటి అణువుల పదార్థం), పోగులు కూడా పొడుగ్గా ఉండేవి. అలాంటి కాగితం మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా మడిస్తే విరగదు. 19వ శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. 1807లో జర్మనీలో ఇలిగ్ అనే ఆయన, సిరా పీల్చకుండా ఉండటానికి గుజ్జులో పైన్ చెట్టు బంక, పటిక కలిపే పద్ధతి కనిపెట్టాడు. 1840ల్లో అక్కడే కెల్లర్, చెక్కని నేరుగా అరగదీసి గుజ్జు చేసే పద్ధతి తెచ్చాడు. కాగితం చవకైంది, పత్రికలు ఇంటింటికీ చేరాయి. కానీ దాని జీవితం తగ్గిపోయింది.

పటిక గాలిలోని తేమతో కలిసి నెమ్మదిగా ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసుల్ని ముక్కలు చేస్తుంది. గొలుసులు పొట్టివైతే కాగితం వంగదు, విరుగుతుంది. చెక్క గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. దానికి వెలుతురు, గాలి తగిలితే ముందు పసుపు, తర్వాత గోధుమరంగు వస్తుంది. అలా మారుతూ అది కూడా ఆమ్లాన్ని వదులుతుంది. మీ వారపత్రిక న్యూస్‌ప్రింట్, అంటే ఎక్కువ భాగం చెక్క గుజ్జే. అదీగాక ఒకసారి చదివి పక్కన పెట్టేస్తారనుకుని చేసిన కాగితం. దస్తావేజులు తరతరాలు నిలవాలి కాబట్టి స్టాంపు కాగితం గట్టి రకం వాడేవారు. తేడా అదే.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో విలియం బారో అనే ఆయన 1950ల చివర్లో, 1900-1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించారు. వాటిలో అత్యధిక భాగం ఇంకో యాభై ఏళ్ళు కూడా నిలవవని తేల్చారు. ఆ తర్వాతే మిల్లులు మెల్లగా పటిక బదులు సుద్ద కలిపిన కాగితం వైపు మళ్ళాయి.

ఇక ఎండ సంగతి. పురుగు పోతుందని మన ఇళ్ళలో ఎండబెట్టడం అలవాటే. కానీ ఆ వెలుతురు లిగ్నిన్‌ని ఇంకా తొందరగా కాలుస్తుంది, సిరా వెలిసిపోతుంది. తేమగా ఉంటే నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. లామినేషన్‌లో వేడి చేసి ప్లాస్టిక్ అతికిస్తారు, మళ్ళీ దాన్ని ఊడదీయడం దాదాపు అసాధ్యం. లోపలి ఆమ్లం లోపలే ఉండి దాని పని అది చేస్తూనే ఉంటుంది. దస్తావేజుని ఎప్పుడైనా సరిచూడాల్సి వస్తే ముద్రలు, కాగితం నేరుగా పరిశీలించే వీలు కూడా పోతుంది.

ఇంకొకరు:

నేను ఒక గ్రంథాలయంలో పాత పుస్తకాల విభాగంలో పనిచేస్తాను. పైన చెప్పింది సరైనదే, కొన్ని చేర్పులు.

దస్తావేజు బ్లూ బ్లాక్ సిరాతో రాసి ఉంటే అందులో ఇనుము ఉండే అవకాశం ఎక్కువ. రాసిన కొత్తలో నీలంగా ఉండి, నల్లబడి, చాలా ఏళ్ళకి గోధుమరంగుకి తిరుగుతుంది. ఈ సిరా ఎక్కువ పడిన చోట కాగితాన్ని తినేస్తుంది, ఒక్కోసారి అక్షరం ఉన్నచోట చిల్లు పడుతుంది. తడి తగిలితే నష్టం పక్కలకి పాకుతుంది. కాబట్టి తడిగుడ్డతో తుడవొద్దు.

చిరిగిన మడతలకి సెలోటేపు మాత్రం వేయకండి. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో పురుగు చేసిన నష్టం కంటే ఈ టేపు చేసిన నష్టమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అది ప్రేమతో చేసిన పని. కొన్నేళ్ళకి ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు కాగితంలోకి ఇంకి చెరగని మరక అవుతుంది. మేము పలచటి జపాన్ టిష్యూ కాగితాన్ని గోధుమ పిండి గంజితో అతికిస్తాం, ఎప్పుడు కావాలన్నా తీసేయొచ్చు. మీకు అలవాటు లేకపోతే దస్తావేజు మీద ప్రయోగం చేయకండి. మడతలు విప్పి, పరిచి, ఆసిడ్ ఫ్రీ అని ఉన్న రెండు కాగితాల మధ్య పెట్టి, గట్టి అట్టల మధ్య ఉంచితే చాలు. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. తుప్పు, రబ్బరు రెండూ కాగితాన్ని తింటాయి.

వారపత్రికల్ని దస్తావేజుతో కలిపి ఉంచవద్దు. ఆమ్లం పక్క కాగితానికి కూడా ఎక్కుతుంది. పాత పుస్తకంలో పేపరు కటింగ్ పెట్టి మర్చిపోతే, అది తగిలిన పేజీలో అదే ఆకారంలో గోధుమరంగు మచ్చ పడుతుంది, చూసే ఉంటారు.

అడిగినవారు:

చాలా కృతజ్ఞతలండీ. రెండు సందేహాలు. జమాఖర్చుల పుస్తకాల్లో అక్కడక్కడ తుప్పు రంగు చుక్కలు ఉన్నాయి, అవి పురుగా? ఆమ్లాన్ని తీసేసే మందు ఏదైనా ఉంటే వారపత్రికలకి వేయించొచ్చా?

జవాబు:

ఆ చుక్కలు పురుగు కాదు. బూజు వల్లగానీ, కాగితంలో కలిసిన ఇనుప రేణువుల వల్లగానీ వస్తాయి. తేమ తగ్గిస్తే కొత్తవి రావు. మన కోస్తాలో వానాకాలం అసలు సమస్య అదే: గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే బూజు లేస్తుంది. అందుకే అటక మీద, బయటి గోడకి ఆనించిన బీరువాలో, గాలాడని ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టడం మన పెద్దవాళ్ళ పద్ధతి, ఇప్పటికీ మంచిదే. కలరా ఉండలు వేస్తే కాగితానికి తగలనివ్వకండి.

ఆమ్లాన్ని విరిచే పద్ధతులు ఉన్నాయి, కానీ అవి ఇకముందు జరిగే నష్టాన్ని తగ్గిస్తాయంతే. విరిగే స్థితికి వచ్చిన కాగితానికి పోయిన బలం తిరిగి రాదు. కాబట్టి వారపత్రికల్లో మీకు కావలసిన పేజీల్ని ఇప్పుడే ఫోటో తీసుకోండి. స్కానర్ మీద బోర్లించి నొక్కితే వీపు విరుగుతుంది. సగమే తెరిచి, పైనుంచి ఫోన్‌తో తీయండి. అదే సంచిక వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లో ఉందేమో కూడా అడగండి. వాళ్ళ దగ్గర లేకపోతే మీ ప్రతి వాళ్ళకి అవసరం కావచ్చు.

ఇంకొకరు:

ఒక్క మాట. ఆ ఫోటోల్ని ప్రింటు తీసేటప్పుడు లేజర్ ప్రింట్ తీసుకోండి, మామూలు ఇంక్‌జెట్ సిరా చాలావరకు తడికి కారిపోతుంది. లేజర్ ప్రింటుని మెత్తటి పీవీసీ కవర్‌లో పెడితే అక్షరాలు కవర్‌కి అంటుకుంటాయి, అదీ చూసుకోండి. థర్మల్ కాగితం మీద ఇచ్చే రసీదులు కొన్నాళ్ళకి వాటంతటవే వెలిసిపోతాయి కాబట్టి ముఖ్యమైనవి అదేరోజు జిరాక్స్ తీసిపెట్టుకోవాలి.

దస్తావేజు గురించి టెన్షన్ తగ్గాలంటే, డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం రాసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలుకి దరఖాస్తు పెట్టండి. రోజువారీ పనులకి ఆ నకలు వాడండి, అసలుని బయటికి తీసే అవసరం తగ్గుతుంది.